కోతకు లేని మైల కబడ్డీకి ఎందుకు?

నిన్న మధ్యాహ్నం మా పిన్ని కొడుకు శ్రీను ఫోన్ చేసి, "అక్కా, అమ్మ పోయింది" అన్నాడు.

"నోర్ముయ్‌రా వెధవా" అన్నాను. నిజంగానే తిట్టాను. పొద్దున తొమ్మిదింటికి నాతో మాట్లాడిన మనిషి మరి!

రెడ్డిగూడెంలో మామిడి షెడ్‌లో కాయలు ఏరుతూ ఏరుతూ, "కాస్త నడుం వాలుస్తానే" అని గోడకు ఆనుకుందట.

అంతే. హార్ట్ అన్నారు డాక్టర్.

మా నాగరత్నం పిన్ని. మా అమ్మకు ఆఖరి చెల్లెలు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ తోటల్లో కోత, షెడ్‌లో ప్యాకింగ్. మామిడి సొనకి కాలి నల్లబడిన వేళ్లు.

నేను గేమ్స్ టీచర్ని కదా, నాకు స్పోర్ట్స్ పిచ్చి అనుకుంటారు మీరంతా. నాది ఉద్యోగం. పిచ్చి అంటే పిన్నిది.

సీజన్‌లో షెడ్‌కి పాత పేపర్లు కట్టలు కట్టలుగా వస్తాయి, ట్రేల్లో కాయల కింద పరచడానికి. పోయిన ఏడాది పేపర్లన్నీ ఈ ఎండాకాలం వచ్చాయి. పిన్ని షరతు ఒక్కటే. ఆటల పేజీ ముందు తను చదవాలి, తర్వాతే కాయ కిందకి.

ఆ కట్టల్లో వరుసా వాయీ ఉండదు. పొద్దున నవంబర్ చదివేది, భోజనాలయ్యాక జనవరి.

ఖోఖోలో మన అమ్మాయిలు ప్రపంచ కప్ గెలిచిన పేజీ. జావెలిన్ తొంభై మీటర్లు దాటిన పేజీ. దక్షిణాఫ్రికా ఏళ్ల తరబడి ఏడ్చి ఏడ్చి చివరికి టెస్టుల్లో పెద్ద కప్పు ఎత్తిన పేజీ. "పాపం, వీళ్లకి ఇన్నాళ్లకి దక్కిందే!" అని కళ్లు తుడుచుకుంది. దక్షిణాఫ్రికా ఎక్కడుందో ఆవిడకి తెలీదు.

చెస్‌లో మన పిల్ల, క్రికెట్‌లో మన పిల్లలు, చూపు లేని మన పిల్లలు కూడా. "ఏంటే పద్మా, పోయినేడంతా ఆడపిల్లలే గెలిచారా?" అని ఫోన్‌లో ఒకటే సంబరం.

పోయిన నెల ఏం చేసిందో వినండి.

ఢాకాలో మన అమ్మాయిలు కబడ్డీ ప్రపంచ కప్ ఫైనల్‌కి వచ్చారన్న పేజీ దొరికింది. వెంటనే నాకు ఫోన్. "ఫైనల్ ఎప్పుడే?"

"పిన్నీ, అది అయిపోయి అయిదారు నెలలైంది."

"చెప్పావంటే చంపుతా! నాకింకా అవలేదు" అని పెట్టేసింది. ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కూడా మొక్కేసింది. అయిపోయిన మ్యాచ్‌కి!

మర్నాటి పేపర్ కోసం కట్టలన్నీ విప్పించింది. తీరా చూస్తే ఆ రోజు పేపర్లో ఆటల పేజీ ఒక్కటే లేదు. పక్కన కూర్చునే సుబ్బులు చూసుకోకుండా ట్రేలో పరిచేసింది. ట్రేలు లారీ ఎక్కాయి. లారీ స్టార్ట్ అయింది.

పిన్ని వెళ్లి లారీకి అడ్డంగా నిలబడింది.

"ఏంటమ్మా నాగరత్నం, హైదరాబాద్ లోడ్ అది!" అని ఓనర్ గారు లబలబలాడారు.

"కాయ ఎక్కడికీ పోదండీ. మా పిల్లలు గెలిచారో లేదో చూసి నేనే సర్ది పంపిస్తా."

పదకొండు ట్రేలు దింపించింది మహాతల్లి. పదకొండో దాంట్లో దొరికింది, బంగినపల్లి కాయల కింద. గెలిచారు! షెడ్ మొత్తం ఈలలు. కొబ్బరికాయ అక్కడే రాయి మీద కొట్టేసింది. తిట్టిన ఓనర్ గారే రెండు ముక్కలు తిన్నారు.

ఆ సాయంత్రమే కొడుకుతో గొడవ పెట్టుకుంది, మనవరాలి కోసం. శ్రీను కూతురు చందన మా స్కూలే. కూతకెళితే ముగ్గుర్ని తాకి గాని తిరిగి రాదు. మైలవరంలో జిల్లా జట్టు సెలక్షన్స్ ఉన్నాయంటే, నిక్కరు వేసుకుని ఆడితే పరువు పోతుందన్నాడు వీడు.

"చీర ఎగ్గట్టి చెట్టెక్కి కాయ కోసి నిన్ను పెంచానురా. అప్పుడు లేని పరువు ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది?" అంది.

శ్రీను అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ సెలక్షన్స్ రేపే.

ఇవాళ పొద్దున దహనం అయింది. స్నానాలు చేసి వచ్చి కూర్చున్నామో లేదో, పెద్దవాళ్లు మొదలెట్టారు. పదకొండు రోజులు మైల, పిల్ల గడప దాటకూడదు, వచ్చే ఏడాది ఆడుకోవచ్చులే అని.

వచ్చే ఏడాదికి దానికి వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరి ఛాన్స్. చందన గోడవైపు తిరిగి కూర్చుంది.

నాకు ఒళ్లు మండింది. అక్కడ అన్నదే ఇక్కడ కూడా రాస్తున్నా.

బాబాయ్ పోయింది కూడా సీజన్‌లోనే. నాలుగో రోజున పిన్ని కోతకి వెళ్లింది. అప్పుడు మీలో ఒక్కరు మైల అన్నారా? "కాయ ఆగదు కదమ్మా" అని మీరే పంపించారు. మన ఊళ్లలో ఏ ఇంట్లోనైనా అంతే, కోతకి మైల లేదు. మరి పిల్ల వయసు ఆగుతుందా?

కాయకు లేని మైల కబడ్డీకి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?

ఒకాయన విసవిసా లేచి వెళ్లిపోయారు. వెళ్లనివ్వండి. కింద కామెంట్లలో నాకు ఆచారాలు నేర్పేవాళ్లు కూడా దయచేయొచ్చు.

నేను మాత్రం రేపు చందనని తీసుకెళతాను. ఆ మైల మొత్తం నా మీదే వేయండి.

ఇది రాస్తుంటే శ్రీను వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గుండు, తడి పంచె, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. అడ్డం పడతాడేమో, వీడితో కూడా పోట్లాడాలి అనుకున్నాను.

"అక్కా, రేపు మైలవరం బస్సు ఎన్నింటికి? నేనూ వస్తా" అన్నాడు.

పిన్నీ, ఇక హాయిగా పడుకో. జన్మంతా నిలబడే ఉన్నావు. నీ ప్రాణానికి చల్లటి నీడ దొరకాలి.