రెప్ప కింద మెలకువ

ఖమ్మంలో ఎక్కిన బస్సు నన్ను వానలో అడవి అంచున దించింది. ఆ వానాకాలమంతా నా డ్యూటీ అక్కడి చిన్న దవాఖానాలో, అత్యవసర గదిలో ఆయాగా. రేకుల కప్పు. ఆరు మంచాలు. రెండు ఆక్సిజన్ సిలిండర్లు. స్ట్రెచర్‌కు ఒక చక్రం తిరగదు.

గోడ బోర్డు మీద డాక్టర్ సారు రాసిన మాట ఒకటే: "ఇది కాకపోతే ఇంకేమిటి?" రోగిని మంచానికి పంపేముందు దాన్ని పైకి చదవడం నా పని. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. కూడబలుక్కుంటూ చదువుతాను.

"నిదానంగనే చదువమ్మా," అనేవారు సారు. "రోగికి మొదలు పెట్టిన రోగం పేరే అంటుకుంటది. శానా తప్పులు ఆడనే మొదలైతున్నయని ఇప్పటి పరిశోధనలు చెప్తున్నయ్. నువ్వు చదివినంతసేపు అందరం ఆగుదాం."

ఊళ్లో పండుగైన మరునాడు పొద్దున అంబులెన్స్ డ్రైవర్ ఫోన్ చేశాడు. "అక్కా, ఇంకో ఇప్పసారా కేసు. కండ్లు తెరుస్తలేడు. మాట ముద్దగొస్తున్నది." అప్పటికే తాగి పడిపోయినవాళ్లు ఇద్దరు మంచాల మీద ఉన్నారు.

పాతికేళ్ల మనిషి. రెప్పలు వాలిపోయాయి. "ఊరి సారా అంతా ఈయనే తాగినట్టుండు," అన్నాడు డ్రైవర్, స్ట్రెచర్ దించుతూ. సిస్టర్ నవ్వింది. నేనూ నవ్వాను. సెలైన్ సీసా సిద్ధమైంది.

బోర్డు చదివాను. అందరూ ఆగారు.

సారు వంగి అతని నోటి వాసన చూశారు. వెంట వచ్చిన అతని భార్య వైపు తిరిగారు.

"తాగిండా?"

"లేదు సారూ. తెల్లారగట్ల కడుపునొప్పన్నడు."

"రాత్రి ఏడ పండుకున్నడు?"

"కిందనే. చాప మీద."

ఒళ్లంతా వెతికాం. పాము కాటు మచ్చ లేదు. "కట్లపాముదైతే కనబడకపోవచ్చు," అన్నారు సారు. "దాని విషానికి రెప్పలు వాల్తయ్, మాట పడిపోతది." బొటనవేలితో రెప్ప పైకెత్తారు.

కన్ను మెలకువగా ఉంది. తిన్నగా నన్నే చూసింది.

విరుగుడు మందు ఎక్కించారు. అయినా ఊపిరి తగ్గుతూనే ఉంది. గొంతులోకి గొట్టం వేశారు. గాలి సంచి నా చేతికిచ్చారు. అంబులెన్స్‌లో భద్రాచలం పెద్దాసుపత్రి దాకా నొక్కుతూనే ఉన్నాను. సిస్టర్ నాడి పట్టుకుని కూర్చుంది. దారిలో వాగు రోడ్డెక్కింది. నీళ్లలోకి బండి దించుతూ డ్రైవర్ ఒక్కటే మాటన్నాడు: "వదలకక్కా."

వానలు తగ్గుతుండగా ఆ మనిషి మా దవాఖానాకు నడిచి వచ్చాడు. డ్రైవర్‌ను చూసి, "ఏంది బావా, ఊరి సారా అంతా నేనే తాగిననా?" అన్నాడు. డ్రైవర్ వెళ్లి టీ తెచ్చి ఇచ్చాడు.

డ్యూటీ ముగిసి ఖమ్మం వచ్చేశాను. ఇక్కడ ఎవరి రెప్ప వాలినా సారు బొటనవేలు కనబడుతుంది. దాని కింద ఆ కన్ను. నోరు పెగలక, మా నవ్వులన్నీ వింటూ.