నేను ఎక్కియ్యని దరఖాస్తు

కొన్నేండ్ల సంది ఒక సంగతి లోపట పెట్టుకొని తిరుగుతున్న. బరువు అంటరు గాని, నాకు బరువు గూడ తెలుస్తలేదు. చెయ్యి తిమ్మిరెక్కినట్టు ఉంటది, అంతే. ఇయ్యాల మీకు చెప్తున్న. నా పేరు మాత్రం అడగకుండ్రి.

నేను సూరత్‌ల ఇండ్ల దలాల్‌ను. భేస్తాన్, బమ్రోలి దిక్కు సాంచెల మీద బట్ట నేసే మన తెలంగాణోళ్లకు ఫ్లాట్లు ఇప్పిస్త. ఈ పని నాకు నేర్పింది ఓదేలన్న. ఆయన గూడ దలాలే, అంతకుముందు సాంచెలు నడిపిండు. నాకన్న తక్కువ దలాలీ తీసుకునేటోడు. ఎన్ని బిల్డింగులంటే అన్ని తిప్పేటోడు, ఇల్లు బాగలేకుంటే వద్దని ఆయనే చెప్పేటోడు. జనం ముందుగాల ఆయన దగ్గరికే పోయేటోళ్లు.

గప్పుడు కొత్త కానూన్ వచ్చింది. రిజిస్ట్రేషన్ లేని దలాల్ కొత్త ఫ్లాట్లు అమ్మిపెట్టొద్దు. కొనేటోళ్లు మోసపోవద్దని తెచ్చిండ్రు. మంచిదే. నేను చేయించుకున్న. ఓదేలన్నకు కంప్యూటర్ రాదు. కాగితాలు, ఫీజు నా చేతిల పెట్టిండు. దరఖాస్తు నేనే కంప్యూటర్ల ఎక్కిస్త అన్న.

ఎక్కియ్యలే.

మరిచిపోయిన్నా? లేదు. రోజూ యాదికుండె. మొదాల రేపు చేద్దామనుకున్న. తర్వాత, ఆయన లేకుంటే గిరాకి అంతా నాదే గదా అన్న ఆలోచన వచ్చి, వచ్చింది వచ్చినట్టే లోపట కూసున్నది. దాన్ని ఎల్లగొట్టాలని ఒక్కసారన్న అనిపించిందా అంటే, అనిపించలే.

ఒకనాడు బిల్డర్ ఆఫీసుల రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి, గిరాకీల ముందట్నే ఆయన్ను బయట నిలబెట్టిండ్రు. సీదా నా దగ్గరికొచ్చిండు.

"నా దరఖాస్తు ఏమైంది తమ్మీ?"

"రాదన్నరు అన్నా. కాగితాలు సరిపోలేదట."

"మల్ల పెడితే?"

"మల్ల పెట్టినా గంతేనట."

ఫీజు వాపస్ ఇయ్యబోయిన. "ఉంచుకో. నా కోసం శాన తిరిగి ఉంటవ్," అన్నడు.

ఉంచుకున్న.

ఓదేలన్న మల్ల సాంచెలకు పోయిండు. మా దిక్కు తెలుగు మాట్లాడే దలాల్‌ను నేనొక్కణ్నే మిగిలిన. దలాలీ పెంచిన. కమిషన్ ఎక్కువిచ్చే బిల్డర్ల ఇండ్లే చూపెట్టిన. వేరేవి లేవా అని అడిగితే, కానూన్ ప్రకారం ఇవే ఉన్నయన్న. నమ్మిండ్రు. సర్కారు ఇచ్చిన నంబర్ చూపెడితే ఎవరు నమ్మరు?

నిరుడు ఓదేలన్న తన బిడ్డను, అల్లున్ని నా దగ్గరికే తోలుకొచ్చిండు. పై అంతస్తులకు నీళ్లు సరిగ ఎక్కని బిల్డింగు చూపెట్టిన. తెలిసే. ఇంకో రెండు చూద్దామని అల్లుడు అంటే, తమ్ముడు చూపెట్టినంక ఇంకేం చూస్తం అన్నడు ఓదేలన్న. ఇప్పుడు ఆ పిల్ల కింది నుంచి బిందెలు మోస్తాంది. ఆ తొవ్వల నేను కనపడితే "చిన్నాయినా, చాయ్ తాగిపో" అంటది. తాగుత. చక్కెర ఎక్కువైందా తక్కువైందా తెలుస్తది. ఇంకేం తెల్వది.

ఓదేలన్నకు ఇంకా చెప్పలే. చెప్తనో లేదో తెల్వదు. మిమ్మల్ని మాఫీ అడుగుతలేను, అది మీరు ఇచ్చేది గూడ కాదు. ఆయనకు రిజిస్ట్రేషన్ రాకపోలేదు. నేనే రానియ్యలేదు. ఈ మాట నోటితో అనుడు ఇదే మొదలు.

ఇగ అనేసిన. జర ఊపిరి ఆడుతాంది.