గుట్ట దిగని బావ

ఈ ఉదయం మా అక్క కూతురు వచ్చి, మా గరాజ్‌లో లాన్‌మోవర్ వెనక పడి ఉన్న వాళ్ళ నాన్న డాలు పట్టుకుపోయింది. గుండ్రటి చెక్క డాలు, మధ్యలో ఇనప బొడిపె, అంచున తోలు కుట్టు. తోలంతా ఎలకలు కొరికేశాయి. "పిన్నీ, దిస్ ఇయర్ నేను సాక్సన్ సైడ్" అంటూ దాన్ని కారు డిక్కీలో జాగ్రత్తగా పడుకోబెట్టింది. బ్రిస్బేన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా వీధివాళ్ళు ఇంకా చెత్తడబ్బాలు కూడా లోపలికి లాక్కోలేదు. నేనేమో నైటీ మీద శాలువా కప్పుకుని, వెయ్యేళ్ళనాటి యుద్ధానికి పిల్లను సాగనంపుతూ "హెల్మెట్ పెట్టుకోవే!" అని అరిచాను. అరిచాక ఇంట్లోకి వచ్చి కాసేపు ఏడ్చాను. బావ పోయాక ఆ డాలు చోటు కదలడం ఇదే మొదటిసారి.

మా బావ గుంటూరువాడు, నీటి గొట్టాల ఇంజనీరు. బట్టతల, బొజ్జ, బుర్రమీసం. రిటైరయ్యాక పక్కింటి ప్లంబర్ ఆయన్ను ఓ ఉత్సవానికి తీసుకెళ్ళాడు. బ్రిస్బేన్‌కి గంట దూరంలో ఒక పశువుల బీడులో ఏటా చలికాలం కొందరు ఇనప బట్టలు తొడుక్కుని, నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్న యుద్ధాన్ని మళ్ళీ ఆడతారు. గుట్ట మీద కాలినడకన నిలబడేవాళ్ళు సాక్సన్లు, కింది నుంచి గుర్రాల మీద వచ్చేవాళ్ళు నార్మన్లు. బావ వెళ్ళినవాడు సాక్సనై తిరిగొచ్చాడు. గొడ్డలి కూడా కొన్నాడు. మా అక్క దాన్ని పెరుగు తోడుపెట్టే అల్మారా దగ్గరికి మాత్రం రానివ్వలేదు.

ఆదివారం టిఫిన్‌కి వెళితే పాఠం తప్పేది కాదు. పళ్ళెం అంచున ఇడ్లీలు వరసగా పేర్చి, "ఇదీ మనవాళ్ళ డాళ్ళ గోడ" అనేవాడు. చట్నీ గరిటె నార్మన్ గుర్రపుదండు. గరిటె వచ్చి గుద్దుకునేది, ఇడ్లీలు కదిలేవి కావు. "అప్పటికే ఉత్తరాన ఇంకో శత్రువుని నరికి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చినవాళ్ళు మరదలా! అయినా పొద్దుటి నుంచీ ఆగారు. అప్పుడు నార్మన్లు ఏంచేశారు? పారిపోతున్నట్టు నటించారు. ఈ వెర్రివెధవలు గోడ విడిచి వెంటపడ్డారు. గుర్రాలు వెనక్కి తిరిగాయి. తలకాయలు, చేతులు, పేగులు, గుట్టంతా నెత్తురే. రాజూ పోయాడు, రాజ్యమూ పోయింది." ఇక్కడికి వచ్చేసరికి ఆయన కళ్ళు నిజంగా ఎర్రబడేవి.

"గెలవడం ఎంతసేపు? ఉంచుకోవడం కదా పని!" అని రెండో వాయి ఇడ్లీ మీద మొదలుపెట్టేవాడు. ఊరి నడుమ ఇళ్ళు కూలగొట్టడం, అక్కడ మట్టి దిబ్బ లేపడం, దానిమీద చెక్క కోట కట్టడం. ఆ మట్టి మోసేది ఇళ్ళు పోయినవాళ్ళే. భూములన్నీ లాక్కుని తమ రౌతులకు పంచడం, చచ్చినవాళ్ళ పెళ్ళాలను ఆ రౌతులకే కట్టబెట్టడం. ఉత్తరాదివాళ్ళు తిరగబడితే ఊరూరా తగలబెట్టుకుంటూ పోయారట. ధాన్యం కొట్లు, నాగళ్ళు, విత్తనాలు, ఏదీ వదల్లేదు. ఎడ్లను నరికారు. కత్తికి దొరకనివాళ్ళు ఆకలికి దొరికారు. కుక్కల్నీ పిల్లుల్నీ తిన్నారట. పాతిపెట్టే దిక్కులేక శవాలు దారుల్లోనే కుళ్ళాయట. "తినేటప్పుడు శవాలేమిటండీ!" అని మా అక్క పళ్ళెం లాగేసేది. బావ చివరిగా ఒకే మాట అనేవాడు. "ఇదంతా ఎందుకొచ్చిందీ? గుట్ట దిగినందుకు."

అందుకని ఆయన దిగడం మానేశాడు. ఆట నియమం ప్రకారం నార్మన్లు పారిపోతున్నట్టు నటించగానే సాక్సన్లు గుట్ట దిగి వెంటపడాలి, ఓడిపోవాలి. బావ గోడ మధ్యలో నిలబడి "కదలొద్దు!" అని తెలుగులో గర్జించేవాడు. గోడలో నిలబడే ప్లంబర్‌కీ, ఇంకో నర్సుకీ, అందరికీ ఆ ఒక్క తెలుగు ముక్క వచ్చేసింది. వరసగా రెండేళ్ళు గోడ కదల్లేదు. మైకులో వ్యాఖ్యాత "సాక్సన్స్, ప్లీజ్, ఎనీ టైమ్ నౌ!" అని బతిమాలేవాడు. నిర్వాహకులు ఇంటికొచ్చి మొత్తుకున్నారు. "వాళ్ళు తప్పు చేశారని నేనూ చెయ్యాలా?" అని వాళ్ళకు కాఫీ ఇచ్చి పంపాడు.

ఇంట్లో మాత్రం వేరే యుద్ధం నడుస్తోంది. కూతురు మెడిసిన్ మధ్యలో వదిలేసి, గుర్రాలకు శిక్షణ ఇచ్చే చోట ఉద్యోగంలో చేరింది. "పేడ ఎత్తడానికా నిన్ను యూనివర్సిటీకి పంపింది?" అన్నాడు బావ. "ఇట్స్ మై లైఫ్, డాడ్" అని అది ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఏడాదిగా తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. ఆదివారం అది టిఫిన్‌కి వస్తే "ఉప్పు అందించమని దానికి చెప్పు" అని అక్కతో అనేవాడు. అక్క ఇద్దరి మధ్యా నలిగి సగమైంది. ఇక వాళ్ళు ఈ జన్మకు మాట్లాడుకోరేమోనని నాకు నిజంగా భయం వేసింది. పైగా గుర్రాలున్నాయి కదా అని పిల్ల నార్మన్లలో చేరింది.

ఆ ఏడు నేనూ అక్కా ఫ్లాస్కులో టీ పోసుకుని జనం లోపలికి రాకుండా కట్టిన తాడు పక్కన కుర్చీలు వేసుకున్నాం. గడ్డి మీద మంచు ఇంకా తెల్లగానే ఉంది. మొదటి దాడికే ప్లంబర్ పన్ను ఊడింది. దాన్ని నెత్తుటితో సహా ఉమ్మేసి మళ్ళీ డాలెత్తాడు. మొద్దు ఈటెలేగానీ గుర్రం బరువు నాటకం కాదు. బావ బొటనవేలి గోరు లేచిపోయింది, మోచేతి దాకా నెత్తురు కారింది. మూడుసార్లు కొట్టి నార్మన్లు వెనుదిరిగారు. "కదలొద్దు!" అన్నాడు బావ. జనం నవ్వారు. అప్పుడు పారిపోయే గుర్రాల మధ్య ఒకటి ముందుకాళ్ళు లేపింది. రౌతు కిందపడింది. హెల్మెట్ దొర్లిపోయి నల్లటి జడ బయటపడింది.

బావ డాలు విసిరేశాడు. రైలు కోసం కూడా పరుగెత్తి ఎరగని మనిషి "అమ్మలూ!" అని అరుచుకుంటూ గుట్ట దిగాడు. ఆయన కదిలాక ఇంకెవరు ఆగుతారు? గోడంతా ఆయన వెనకే పడింది. పాఠంలో చెప్పినట్టే గుర్రాలు తిరిగాయి. ఒకటి ఆయన రొమ్మును గుద్దింది, పడ్డాక ఇంకోదాని డెక్క డొక్కలో దిగింది. ఆయన నోట్లోంచి నెత్తురొచ్చింది. అది చూసి సాక్సన్లకు పిచ్చెక్కింది. ఒక రౌతును జీను మీంచి లాగి గొడ్డలి కర్రలతో బాదారు, వాడి ముక్కు పచ్చడైంది. వ్యాఖ్యాత "స్టాప్! స్టాప్!" అని గొంతు చించుకుంటున్నాడు. జనం ఆటే అనుకుని చప్పట్లు కొడుతున్నారు. నేనూ అక్కా తాడు కింద దూరి పరుగెత్తాం.

పిల్లకు గీత కూడా పడలేదు. హాస్పిటల్లో తండ్రి మంచం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "కావాలనే పడ్డాను, డాడ్. నువ్వు ఉంటే గోడ కదలదని... ఐ న్యూ యూ'డ్ కమ్. అయామ్ సో సారీ."

విరిగిన పక్కటెముకల మీద ఊపిరి తీసుకోవడమే ఆయనకు కష్టంగా ఉంది. ఏడాది తర్వాత కూతురితో నేరుగా మాట్లాడాడు. "తెలుసులేవే. నిజంగా పడేవాళ్ళు కళ్ళెం పట్టుకు వేళ్ళాడతారు. నువ్వు ముందే వదిలేసి, మెత్తటి చోటు చూసుకుని మరీ పడ్డావు."

"తెలిసీ ఎందుకు దిగారండీ, మతి ఉందా!" అని అక్క అరిచింది.

"తెలియడం తెలిసింది. కాళ్ళు ఆగొద్దూ?" అన్నాడు బావ.

ఉత్సవం రెండో రోజు ఓడినవాళ్ళు నార్మన్ల దిబ్బకు మట్టి మోయడం ఆనవాయితీ. బావ వంతు మట్టి నార్మన్ బట్టల్లోనే మా పిల్ల మోసింది. సాయంత్రం అరచేతుల్లో బొబ్బలు చూపిస్తే, "కోట గట్టిగా కట్టారా?" అని అడిగి నవ్వబోయి, నొప్పికి మూలిగాడు. ఆ తర్వాత రెండేళ్ళకు గుండె ఆగి పోయాడు. ఆ రెండేళ్ళూ ఆదివారాల్లో ఇడ్లీల యుద్ధం జరిగింది, కూతురే గరిటె తిప్పేది. గుట్ట దిగినవాళ్ళను మాత్రం ఆయన మళ్ళీ ఎప్పుడూ వెర్రివెధవలు అనలేదు.

ఇప్పటికి ఆ పిల్ల బీడుకు చేరి ఉంటుంది, డాలెత్తి గుట్ట మీద నిలబడి ఉంటుంది. ఆనాడు అలా నిలబడి దిగినవాళ్ళను వెయ్యేళ్ళుగా లోకం మూర్ఖులంటోంది. గుట్ట కింద పడినవాళ్ళు మీకేమవుతారయ్యా, ఎవరికోసం దిగారు అని వాళ్ళను అడగాల్సిన వేళ మాత్రం ఎప్పుడో దాటిపోయింది.