టేపులో లేని ఎనిమిది నిమిషాలు

మికామి తోషికజుకి యాభై నాలుగేళ్లు. పద్దెనిమిదో ఏట మా రేవులోని ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. దిమ్మలను మిషన్లో వేసి నలిపి, గొట్టంతో పడవల్లోకి కొట్టడం ఆయన పని. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయి ఆరేళ్లయింది. ఇంటి ముందు మంచు ఎత్తిపోసేటప్పుడు తప్ప ఆయన్ని ఫ్యాక్టరీ బయట చూసినవాళ్లు తక్కువ.

మార్చిలో ఫ్యాక్టరీ మూసేస్తున్నారు. మత్స్యకారుల సంఘం ఆయనకి హచినోహె అనే పెద్ద రేవులో ఇదే పని చూపించింది. శుక్రవారంలోగా కాగితం మీద, సంతకానికి బదులు, తన పేరు ముద్ర వేసి ఇవ్వాలి. వేయడని ఊరందరికీ తెలుసు. ఎందుకు వేయడో కూడా తెలుసు, తాగినప్పుడల్లా ఆయనే చెప్పేవాడు. చిన్నప్పుడు చూసిన ఒక యానిమే బొమ్మల సినిమా. పేరు ‘పొగమంచు గంట’. తండ్రి సముద్రంలో తప్పిపోతే షియో అనే పిల్ల రేవు కొసన నిలబడి పడవల కోసం గంట కొడుతుంది. ఒక్కొక్కరే ఊరు వదిలిపోతున్నా తను కదలదు.

“ఆ పిల్ల కదిలిందా? లేదుగా. మరి నేనెందుకు కదలాలి?” అనేవాడు. ముప్పై ఏళ్ల కిందట సప్పొరో వెళ్దాం రమ్మన్న సాచికో అనే అమ్మాయికీ ఇదే జవాబు చెప్పాడట. ఆవిడ ఒక్కతే వెళ్లిపోయింది.

నేను సెండాయ్‌లో చదువు మధ్యలో వదిలేసి వచ్చి, మా మేనమామ పాత సామాన్ల కొట్లో కూర్చుంటున్నాను. మొన్న ఎవరిదో ఇల్లు ఖాళీ చేయించి తెచ్చిన పెట్టెలో ఆ సినిమా డిస్కు దొరికింది. ఫోన్ చేశాను. బుధవారం మధ్యాహ్నం మికామి రబ్బరు బూట్లతోనే వచ్చాడు.

“ఒరేయ్ రియోహెయ్, నిజంగా అదేనా? వేరేదైతే నీ చెవి మెలేస్తా.”

“అదేనండీ. కూర్చోండి ముందు. ఆ కుర్చీకి ఒక కాలు వదులు, జాగ్రత్త.”

“నీ కొట్లో కాళ్లున్న కుర్చీ కూడా ఉందా!”

సినిమా మొదలైంది. ఆయన పాత్రల మాటలన్నీ ముందే చెప్పేస్తున్నాడు. గంట కొట్టే సీను వచ్చింది. పొగమంచు తెరంతా కమ్మేసింది. ఆయన లేచి బూట్లు సర్దుకున్నాడు.

“అంతే. అయిపోయింది.”

“ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయండీ.”

“నోర్ముయ్. వందసార్లు చూశాను.”

తెర మీద తెల్లవారింది. పడవలు తిరిగొచ్చాయి. షియో తండ్రి వాటిలో లేడు. ఆ పిల్ల గంట తాడు ఒక ముసలమ్మ చేతిలో పెట్టి, మూట భుజాన వేసుకుని, బయలుదేరుతున్న పడవెక్కింది. వెనక్కి చూడలేదు.

మికామి నిలబడే ఉన్నాడు. నేను డిస్కు ఆపేశాను.

“ఇది టీవీలో వేసిన రాత్రి నాకు జ్వరం,” అన్నాడు. “నేను పడుకుంటే అమ్మ నాకోసం టేపులో ఎక్కించింది. టేపు ఖరీదు కదా, ప్రకటనలు రాగానే ఆపి మళ్లీ నొక్కేది. చివరి ప్రకటనలప్పుడు పక్కింటావిడ వీధి నోటీసు పలక తెచ్చింది. చదివి ముద్ర వేసి పక్కవాళ్లకి పంపాలిగా. గుమ్మంలో కబుర్లలో పడ్డారు. వచ్చి చూస్తే సినిమా అయిపోయింది, ఆపి ఉంచిన మిషన్ దానంతటదే పూర్తిగా ఆగిపోయి ఉందట. అమ్మ పోయేముందు చెప్పింది, ఆసుపత్రిలో. ఒక ముక్క పోయిందిరా తోషీ, అని. ఏ రెండు నిమిషాలో అనుకున్నా.”

“మరి ఆ పిల్ల ఉండిపోయిందని మీకెవరు చెప్పారు?”

“అమ్మే. తర్వాతేమైందని చిన్నప్పుడు నేనడిగితే, ఏముంది, అక్కడే ఉండిపోయింది అంది.”

“అబద్ధం చెప్పిందన్నమాట.”

అనకూడని మాట. నోరు జారింది. ఆయన కోప్పడలేదు.

“ఆవిడా చూడలేదురా. నాన్న అప్పుడు దూర సముద్రంలో స్క్విడ్లు పట్టే పడవ మీద ఉన్నాడు. ఏడాదిలో పది నెలలు ఇంట్లో మేమిద్దరమే. తెలీక, తనకేది కావాలో అది చెప్పింది.”

మళ్లీ ఆ ఎనిమిది నిమిషాలు పెట్టమన్నాడు. చూశాడు. మూడోసారి కూడా చూశాడు. డిస్కు పట్టుకెళ్లండి అంటే వద్దన్నాడు.

శుక్రవారం ముద్ర వేసి కాగితం ఇచ్చాడు. సంఘం గుమాస్తా పొరపాటేమోనని రెండుసార్లు అడిగాడట. వెళ్లే రోజు ఎవరికీ చెప్పలేదు. ఉదయం మొదటి రైలుకి వెళ్లిపోయాడని టిక్కెట్లావిడ చెబితే తెలిసింది.

మే నెలలో ఒక ఆదివారం ఫోన్ చేశాను. మూడో అంతస్తులో ఒక గది ఇచ్చారట. పని బాగానే ఉందట. కుర్రాళ్లు ఈయన మాట యాసకి నవ్వుతారట.

“సెలవు రోజు ఎవరితో మాట్లాడతారు?” అనడిగాను.

“టీవీతో. నువ్వో?”

కొట్లోకి ఎవరో వచ్చారని చెప్పి పెట్టేశాను. ఎవరూ రాలేదు.