కుడి బూటు మడమ

2022 జూన్‌లో మా కంపెనీ ఒక కొత్త పరుగు బూటు మూల్యాంకనాన్ని నాకు అప్పగించింది. అప్పటికి నేను కోయంబత్తూరులోని ఆ పాదరక్షల కర్మాగారంలో ప్రాడక్ట్ ఇవాల్యుయేషన్ విభాగానికి సీనియర్ మేనేజరును. యాభై మూడో ఏట స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకోవడానికి ముందు నేను చేసిన చివరి పెద్ద పని అదే. బూటు గీసేవారు వేరు, కుట్టేవారు వేరు, అమ్మేవారు వేరు. ఈ ముగ్గురి మధ్యలో కూర్చొని, తయారైన బూటు చెప్పిన పని చేస్తుందా లేదా అని తేల్చడం మా విభాగం బాధ్యత. మా నివేదిక చివర మూడే తీర్పులు ఉంటాయి: ఆమోదం, మార్పుతో ఆమోదం, తిరస్కారం. వాటిలో ఒకదాని కింద నేను సంతకం పెట్టాలి.

ఆ బూటు ఉద్దేశం స్పష్టంగా ఉంది. ఊళ్లో తారు రోడ్డు మీద మూడు నుండి ఐదు కిలోమీటర్లు పరుగెత్తే ఆడవారి కోసం అది తయారైంది. మారథాన్‌కు కాదు, కొండదారులకు కాదు. బరువు తక్కువగా ఉండాలి, చూడగానే కొనాలనిపించాలి. రంగు మామిడి చిగురు లేతపచ్చ, అంచున సన్నని పసుపు గీత. ఒక్కో బూటు నూట తొంభై గ్రాములు. పెట్టె చేతికి తీసుకుంటే ఖాళీది ఇచ్చారేమోనని అనుమానం కలిగేంత తేలిక.

దాన్ని రూపొందించినది రేవతి. మదురై పక్కన వాడిపట్టిలో వ్యవసాయం చేసుకునే తెలుగు కుటుంబం ఆమెది. మాది అన్నూరు. ఇద్దరం ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఒకరి తెలుగు ఒకరికి నవ్వు తెప్పిస్తుంది. నేను మాట మాటకూ ‘సరింగ’, ‘అవునుంగ’ అంటానని ఆమె ఎగతాళి. వాడిపట్టి వాళ్లు మాట్లాడితే తగాదా పెట్టుకున్నట్టు ఉంటుందని నా జవాబు. రెండేళ్లు ఆమె బడిపిల్లల నల్లబూట్ల విభాగంలో పనిచేసింది. ఈ బూటు ఆమె మొదటి స్వతంత్ర రూపకల్పన. ఇది తిరస్కారమైతే ఆమె మళ్లీ నల్లబూట్లకే పోవాలని పై అధికారి ముందుగానే చెప్పి ఉంచాడు.

తేలికతనానికి మూలం మడమలో ఉంది. బూటు వెనుక భాగం నిలబడి ఉండడానికి లోపల ఒక గట్టి రేకు పెడతారు; మా వృత్తిలో దాన్ని కౌంటర్ అంటారు. రేవతి ఆ గట్టి రేకు తీసేసి, పలచని అల్లిక పొరతో కొత్త కౌంటర్ చేసింది. అది పరుగును తట్టుకుంటుందా అన్నదే అసలు ప్రశ్న. ఇటువంటప్పుడు మేము జతను విడదీసి చూస్తాం. ఒక బూటులో పాతది, రెండోదానిలో కొత్తది పెడతాం. పరుగెత్తే మనిషి ఒకరే, రోడ్డు ఒకటే, కాబట్టి తేడా వస్తే అది కౌంటర్ తేడాయే. సగం జతల్లో కొత్తది కుడికి, సగం జతల్లో ఎడమకు పెట్టడం ఉత్తమం. కాని కొత్త కౌంటర్ అచ్చు అప్పటికి కుడికాలికే సిద్ధమైంది. వేచి ఉంటే పండుగ అమ్మకాలకు బూటు అందదు. రెండు కాళ్లూ ఒకే దూరం పరుగెత్తుతాయి కదా అని సమావేశంలో అందరం ఒప్పుకొని, అన్ని జతల్లోనూ కొత్తదాన్ని కుడివైపే పెట్టాం.

పరుగెత్తేవారిని అన్నూరులో వెతికాను. అక్కడ మా వీధి ఆడవారు కొందరు తెల్లవారుజామున పరుగు మొదలుపెట్టి ఏడాది దాటింది. వారికి పెద్దదిక్కు రుక్మిణి వదిన. వరసకే వదిన, రక్తసంబంధం లేదు, కాబట్టి ఉద్యోగుల బంధువులు పరీక్షలో పాల్గొనరాదన్న నిబంధన అడ్డు రాలేదు. నిజానికి ఆ నిబంధనను వరసలకు కూడా వర్తింపజేస్తే అన్నూరులో నాకు ఒక్క మనిషీ దొరకదు. షుగరు వచ్చిందని డాక్టరు నడవమంటే, నడక చాలదని పరుగందుకున్న మనిషి ఆవిడ. పక్కింటి కమల మొదట తోడుగా వెళ్లి, తరువాత ఆవిడను దాటిపోవడం మొదలుపెట్టింది. వారితో కలిపి ఎనిమిదిమంది.

బూట్లు పంచిన రోజు వదిన తన జతను చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూసింది.

“ఏమి మరిదీ, ఇది శెరుప్పా, పువ్వా? దీన్ని కాలికి ఏసుకోవల్లనా, తలలో పెట్టుకోవల్లనా?”

“కాలికే వదినా. పరుగెత్తేటప్పుడు మాత్రమే వేసుకోవాలి. ఇంకెక్కడికీ వేసుకొని పోకూడదు. పరీక్ష అయినాక తిరిగి ఇచ్చేయాలి.”

“ఇచ్చేస్తే ఏమి సేస్తారు?”

“నిలువుగా కోసి లోపల చూస్తాం.”

వదిన బూటును గుండెకు హత్తుకొని కమల వైపు తిరిగింది. “పాపి మనిషి! ఇంత అళగుగా ఉండేదాన్ని కోస్తాడంట, చూస్తివా?”

ఆరువారాలు పరీక్ష సాగింది. వారానికొకసారి నేను అన్నూరు పోయి వారితో కలిసి పరుగెత్తేవాణ్ణి. సరిగ్గా చెప్పాలంటే వారి వెనుక. ఆ ఉదయాలు నా ఉద్యోగంలో అతి హాయిగా గడిచిన గంటలు. పత్తిచేల మీదుగా చల్లగాలి, పవర్‌లూమ్ షెడ్ల చప్పుడు, ముందు పదహారు మామిడి చిగుళ్లు పైకీ కిందికీ ఎగురుతూ పోవడం. వారు మాట్లాడకుండా పరుగెత్తలేరు. పరుగెత్తుతూ మాట్లాడగలిగితే వేగం సరైనదని శిక్షకులు అంటారు. ఆ లెక్కన వారి వేగం ఎన్నడూ తప్పలేదు. అల్లుళ్ల సంగతులు, ఇడ్లీపిండి పులవని సంగతి, నా పొట్ట సంగతి అన్నీ ఆ రోడ్డు మీదే తేలిపోయేవి.

బూటు గురించి వారు చెప్పినవి నాకు చాలా పనికివచ్చాయి. అడుగుభాగం మెత్తగా ఉంటూనే కాలిని ముందుకు తోస్తున్నదన్నారు. తారు మీద ధీమాగా ఉంది, కంకర తగిలితే మాత్రం అరికాలికి తెలుస్తున్నదన్నారు. ఐదు కిలోమీటర్లు దాటి ఒకరోజు ఎక్కువ పోయిన కమల, చివరి భాగంలో మెత్తదనం చాలలేదని చెప్పింది. చిన్న దూరాలకు చేసిన బూటు గురించి అది న్యాయమైన మాట. అలాగే రాసుకున్నాను. వేళ్ల దగ్గర గాలి ఆడుతున్నదని, చెమట నిలవడంలేదని ఎనిమిదిమందీ అన్నారు. అప్పటివరకు తీర్పు ఆమోదం వైపే ఉంది.

ఆరువారాల తరువాత బూట్లు ల్యాబుకు తిరిగి వచ్చాయి. బల్ల మీద జతలుగా పేర్చి చూశాను. ఎడమ బూట్లన్నీ నిటారుగా ఉన్నాయి. కుడి బూట్లలో ఏడింటి మడమలు చతికిలబడ్డాయి. వెనుక అంచు లోపలికి ముడుచుకుపోయి, బట్ట మీద అడ్డంగా మడత పడింది. కొత్త కౌంటర్ కుడివైపే ఉంది. కాగితం మీద ఇంతకంటే స్పష్టమైన ఫలితం ఉండదు: పాతది నిలిచింది, కొత్తది కూలింది.

రేవతి ఒక్కొక్క కుడి బూటునూ చేతిలోకి తీసుకొని చూసింది. ఆమె గొంతు వాడిపట్టి స్థాయికి చేరింది. “పరిగెత్తితే ఇట్ల కాదు సార్. పరిగెత్తితే కౌంటర్ పక్కకు వొరుగుతుంది. ఇది పైనించి తొక్కినట్ట ఉండాది. ఎవరో తొక్కిండారు. బూటు ఇప్పేదే రాదు వాళ్లకు! కూచోని, లేసు ఇప్పి, చేత్తో తియ్యవల్ల. అది తెలియని మనుషులు ఉంటారా?”

ఆమె చెప్పిన మొదటి భాగం సరైనదే. మడత దిశ నాకూ అనుమానం కలిగించింది. కాని తొక్కితే రెండు బూట్లనూ తొక్కాలి. కుడిదాన్నే ఎందుకు తొక్కుతారు? ఆ ప్రశ్నకు జవాబు లేకుండా ఫలితాన్ని పక్కన పెట్టే అధికారం నాకు లేదు. నివేదిక సోమవారం ఇవ్వాలి. జవాబు దొరకకపోతే తిరస్కారం అని రాయక తప్పదని ఆమెకు చెప్పాను.  ఆదివారం తానూ అన్నూరు వస్తానని ఆమె అన్నది.

ఆదివారం ఉదయం ఆమె తన సొంత జత, అచ్చు లేకుండా చేత్తోనే చేసిన, రెండు కాళ్లకూ కొత్త కౌంటరే ఉన్న మొదటి నమూనా, వేసుకొని వచ్చింది. వదిన బృందం పరీక్షకు ముందు వాడిన తమ పాత బూట్లతో సిద్ధంగా ఉంది. రేవతి వారి పక్కనే పరుగెత్తుతూ ప్రతివారి పాదాన్నీ గమనించింది. ఎవరి మడమా పక్కకు వొరగడం లేదు, ఎవరూ కుడికాలి మీద ఎక్కువ బరువు వేయడం లేదు. తిరిగి వచ్చేసరికి ఆమె ముఖంలో పరుగు ఎరుపు తప్ప వేరే వెలుగు లేదు.

వదిన ముందుగా తలుపు తీసి గడప లోపల నిలబడింది. రేవతి ఆ ఇంటికి రావడం అదే మొదలు. తన మేనమామ చిన్నమనూరు తోట నుండి పంపిన ద్రాక్షబుట్టను కారులోంచి తీసుకొని, రెండు చేతులా పట్టుకొని మెట్టు దగ్గరకు వచ్చింది.

“మొదటి తడవ వస్తుండావు కన్నూ, కుడికాలు పెట్టి రామ్మా,” అన్నది వదిన.

రేవతి రెండు చేతుల్లోనూ బుట్ట ఉంది. ఎడమ బూటు కొనతో కుడి మడమను అదిమిపట్టి, కుడికాలిని పైకి లాగింది. ఊడిన కాలిని గడప లోపల పెట్టింది. బుట్టను వదినకు అందించి, తలుపుచెక్క పట్టుకొని, ఎడమ కాలిని వెనక్కి మడిచి ఆ బూటును చేత్తో తీసి కింద వేసింది. లేసు ముట్టుకోలేదు.

కింద నిలబడిన నేను ఆ రెండు బూట్లనూ చూశాను. ఎడమది నిటారుగా ఉంది. కుడిదాని మడమ లోపలికి ముడుచుకొని ఉంది.

“రేవతీ, బూటు విప్పడం తెలియని మనుషులు ఉంటారా అన్నావు,” అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూసింది.  గడప మీదే కూలబడి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఏమి జరిగిందో తెలియకుండానే కమల కూడా నవ్వింది. విషయం తెలిసినాక వీధంతా వినబడేటట్టు ఎనిమిదిమందీ నవ్వారు.

ఇంటిలోకి కుడికాలితో పోవాలన్నది మాకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు, ఊపిరిలా వస్తుంది. కుడికాలు ముందు పెట్టాలంటే కుడి బూటు ముందు ఊడాలి. అది ఊడేటప్పుడు రెండోకాలికి ఇంకా బూటు ఉంటుంది, కాబట్టి దెబ్బ గట్టిగా పడుతుంది. ఎడమ బూటు వంతు వచ్చేసరికి మనిషి సగం లోపల ఉంటుంది, ఇక చెయ్యే పని చేస్తుంది. ల్యాబులో మేము బల్ల మీద కూర్చొని లేసులు విప్పుకునేవాళ్లం. అందువల్ల అక్కడ ఇది కనబడే అవకాశమే లేదు.

అయినా ఒక సందేహం మిగిలింది. రోజుకు ఒక పరుగు, ఒక గడప అయితే ఇంత నష్టం జరగదు. ఆ మాట అడిగేసరికి గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరకు కమలే బయటపెట్టింది.

“వొదిన కల్యాణానికి ఏసుకొని పోయిందన్నా.”

“నేనొక్కదాన్నేనా? నువ్వు రేషన్ కడైకి, బ్యాంకుకు, మీ అత్తింటికి ఏసుకొని పోలేదా?” అని వదిన తిరగబడింది. “ఏమి సేసేది మరిదీ, పచ్చపట్టు సీరకు అంత మాచింగు నాకు యాడ దొరుకుతుంది? మండపంలో అందరూ నా మొకం సూడలే, కాలే సూసిరి.”

పరీక్ష నియమాన్ని ఎనిమిదిమందీ ఉల్లంఘించారని నివేదికలో రాశాను. పరుగు లేనప్పుడు కూడా ధరించాలనిపించే అందం ఉన్నదా అన్న ప్రశ్న కింద, ఉన్నదని, అదే ఉల్లంఘనను ఆధారంగా చూపి రాశాను.

సోమవారం తీర్పు ఇవ్వకుండా రెండో విడత పరీక్షకు గడువు అడిగాను. కారణం విన్న పై అధికారి, పట్టుచీర సంగతి వరకు గంభీరంగానే ఉండి, పండుగ అమ్మకాలు దాటిపోయినా సరేనని గడువు ఇచ్చాడు. ఎడమకాలి అచ్చు సిద్ధమయ్యాక కొత్త జతల్లో కౌంటర్లను తారుమారు చేశాం: కొత్తది ఎడమకు, పాత గట్టిది కుడికి. విప్పే పద్ధతి మార్చవద్దని మాత్రం వారికి చెప్పాను. మార్చమన్నా వారు మార్చేవారు కాదు. “మీ బూటు కోసరం ఎడమకాలు పెట్టి ఇంట్లోకి పోతామా?” అని వదిన ముందే తేల్చేసింది.

ఈసారి కూడా కుడి మడమలే అణగాయి, గట్టి రేకు ఉన్నా సరే. మొదటి విడత కంటే కొంచెం తక్కువగా, అంతే. కొత్త కౌంటర్ ఉన్న ఎడమ బూట్లు నిటారుగా తిరిగి వచ్చాయి. పరుగు కొత్త కౌంటర్‌ను ఏమీ చేయలేదని రుజువైంది.

అయినా ఆమోదం అని రాయలేదు. కొనేవారి అలవాటు బూటును పాడుచేస్తే అది కొనేవారి తప్పని చెప్పి చేతులు దులుపుకోవడం మూల్యాంకనం కాదు. మార్పుతో ఆమోదం అని రాశాను. తొక్కినా తిరిగి లేచే సన్నని పట్టీ ఒకటి మడమలో వేయాలి, వేలు దూర్చి లాగడానికి వెనుక ఒక ఉంగరం కుట్టాలి. వాటివల్ల నాలుగు గ్రాములు పెరుగుతాయని రేవతి నాతో రెండు రోజులు వాదించింది. మూడో రోజు తానే బూటు నాలుక లోపలి దూదిని పలచన చేసి, ఆ నాలుగు గ్రాములూ తీసేసి, నమూనాను నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తూచి చూశాను: నూట తొంభై. నల్లబూట్ల విభాగం ఆమెను మళ్లీ చూడలేదు.

అప్పటినుండి మా పరీక్షా పద్ధతిలో మొదటి అంశం మారింది. పరుగెత్తే మనిషిని రోడ్డు మీద చూడటానికి ముందు, ఆమె ఇంటి వాకిట్లో బూటు వేసుకోవడం, విప్పడం చూడాలి. బూటు ఎంత దూరం పరుగెత్తిందో మేము ఎప్పుడూ కొలిచేవాళ్లం, ఎన్ని గడపల దగ్గర ఊడిందో కొలిచేవాళ్లం కాదు. మన ఊళ్లలో చిన్న పరుగుల బూటుకు రెండోదే కఠినమైన పరీక్ష. ఆ అంశం లేకుండా వచ్చే ఏ నివేదికనైనా అసంపూర్ణమని వెనక్కి పంపాలని నా తరువాత వచ్చిన అధికారికి రాసి ఇచ్చాను.