అత్తమ్మ సాక్ష్యం

నిజామాబాద్ బస్టాండు ముందు అల్లం, నిమ్మకాయ వేసి చెరకు రసం తీస్తుంటే ఎవరికైనా నోరూరుతుంది. నేను మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దాటిపోతాను. ఆ వాసనతో బోధన్ పక్కన మా ఊరు, తొంభైల మొదట్లో ఒక చెరకు కోతల కాలం, మా మేనత్త శాంత గుర్తుకొస్తాయి.

ఫ్యాక్టరీలో చెరకు ఆడడం మొదలైందంటే ఊరంతా పులిసిన మొలాసిస్ వాసన. పొగగొట్టం నుంచి నల్లటి నుసి ఆరేసిన బట్టల మీద, ఎండబెట్టిన మిరపకాయల మీద, మా నెత్తుల మీద రోజంతా రాలుతుండేది. చెరకు బండ్ల వెనక పరుగెత్తి గడలు గుంజుకుని, పళ్లతో చీల్చి, పెదాలు కోసుకుని ఇంటికొస్తే అత్తమ్మే వెన్న రాసేది. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. మూర్ఛ ఉందని ఒక్క సంబంధమూ నిలవలేదు. రోజూ గోలీ మింగితే బాగుండేది; రెండు రోజులు మరిచిందా, ఉన్నచోటే పడిపోయేది. ఆ గోలీలు తప్పకుండా తెచ్చేది మా బాపు.

బాపు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు, ఆదివారం మెథడిస్టు చర్చిలో కానుక సంచి పట్టేవాడు. అద్భుతాల మాటెత్తితే ఆయనకు చిర్రెత్తేది. "గవన్నీ అపొస్తలుల కాలంతోనే అయిపోయినయి. ఇప్పుడు దేవుడు గా పని డాక్టర్ చేతుల వెట్టిండు" అనేవాడు. ఆయన తల్లి, మా అవ్వ ఊరుకుంటుందా? "అప్పటి దేవుడు ఇప్పుడు ముసలోడయిండా కొడుకా?" అని దెప్పేది. ఆదివారం బాపు వెంట చర్చికి, శుక్రవారం అత్తమ్మను తీసుకుని రేకుల షెడ్డులో కొత్తగా వెలిసిన ప్రార్థన మందిరానికి వెళ్లేది.

దసరా సెలవుల్లో ఒక ఉపవాస ప్రార్థనలో షెడ్డు పాస్టరు అయ్యగారు అత్తమ్మ నెత్తిన నూనె రాసి, స్వస్థత కలిగిందన్నాడు. అత్తమ్మ లేచి, మైకులో సాక్ష్యం చెప్పింది, ఇక తనకు రోగం లేదని. అందరితో పాటు నేనూ చేతులు మండేలా చప్పట్లు కొట్టాను. ఆ రోజు నుంచి ఆమె గోలీ ముట్టలేదు.

"ప్రార్థన చేస్కో, గోలీ గూడ మింగు. రెండిట్ల తప్పేమున్నది చెల్లె?" అని బాపు బతిమాలాడు.

"సాక్ష్యం చెప్పినంక మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి జేసినట్టు గాదా అన్న?" అంది అత్తమ్మ.

సాక్ష్యమంటే మాలో అంత బరువైన మాట. సంఘం ముందు ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకున్నవాళ్లను నేను చూడలేదు.

క్రిస్మస్ ముందు ఒక మధ్యాహ్నం మేమిద్దరమే కూర్చుని పండుగ పిండివంటలకని గరిజెలు ఒత్తుతున్నాం. ఉన్నట్టుండి అత్తమ్మ పిడికిలి బిగిసింది, కళ్లు పైకి తేలిపోయాయి, ఒడిలోని పుట్నాల పొడి చాప మీద ఒలికిపోయింది. కాసేపటికి తేరుకుని, చల్లటి చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"ఎవలకు చెప్పకు బిడ్డా. దేవుని పేరు పోతది."

చెప్పలేదు. తొమ్మిదేళ్ల నాకు దేవుడి పేరు కాపాడే పని దొరికిందని కాస్త గర్వంగా కూడా అనిపించింది. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఆ తర్వాత అత్తమ్మ నవ్వడం తగ్గించింది; గూట్లో గోలీల డబ్బా వైపు చూసి, నేను చూస్తున్నానని చూపు తిప్పుకునేది. రోజూ బడికి పోతూ బాపుకు చెప్పేద్దామనుకునేదాన్ని, రోజూ నోరు మూసుకునేదాన్ని.

జనవరిలో ఒక పొద్దున ఆమె బట్టలు పిండడానికి ఒంటరిగా కాలువకు వెళ్లింది. మోకాలి లోతు నీళ్లలో బోర్లా పడి ఉంటే, చెరకు కోసేవాళ్లు మోసుకొచ్చారు. షెడ్డు అయ్యగారు వచ్చి, దేవుని చిత్తమని చెప్పి తలవంచుకుని వెళ్లిపోయాడు. అద్భుతాలు లేవన్న మా బాపు మాత్రం చెల్లెలి తల ఒడిలో పెట్టుకుని, పొద్దు గూకేదాకా "ఒక్కసారి లేపు ప్రభువా, ఒక్కసారి" అంటూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ మూతపడింది, బట్టల మీద నుసి లేదు, చెరకు తోటలు పోయి వరి వచ్చింది, షెడ్డు జాగాలో ఎవరిదో మేడ లేచింది. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. బాపు నా దగ్గరే, నిజామాబాద్‌లో ఉంటాడు. వాదించే ఓపిక లేదు గానీ, అత్తమ్మ మాట వచ్చినప్పుడల్లా ఒకటే అంటాడు.

"గోలీలు బంద్ జేసినంక మూడు నెల్లు ఒక్కసారి గూడ రాలే. గదొక్కటి అద్భుతమే బిడ్డా. నా కండ్లతోని సూసిన."

అవును బాపు, అంటాను.