ధ్రువానికి ముందు ఐసు ఫ్యాక్టరీ

మా మనవరాలు కస్తూరిని ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సముద్రానికి పంపాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి నేను కృష్ణపట్నం నుంచి నెల్లూరు ఐసు ఫ్యాక్టరీ దాకా ప్రయాణం చేశాను. విని నవ్వినవాళ్ళు ఉన్నారు. నవ్వనీ. కుండ కొనేముందు కొట్టి చూస్తాం. పిల్లను చలిదేశానికి పంపేముందు చలిలో కూర్చోబెట్టి చూడకూడదా?

కస్తూరి మద్రాసులో సైన్సు చదువుతోంది. ఈసారి సంపూర్ణ సూర్యగ్రహణం ఆ మంచు సముద్రం మీదనే పడుతుందట. మనకు కనపడదు గనక మన పంచాంగంలో దానికి పట్టూ లేదు, విడుపూ లేదు. దాన్ని ఫోటోలు తీయడానికి వాళ్ళ ప్రొఫెసరుగారు కొందరిని వెంటబెట్టుకుని పోతున్నారు. కస్తూరికీ చోటిచ్చారు. ఇంటి పెద్దల అంగీకారం సోమవారానికల్లా చేరాలని జాబు వచ్చింది. మా అబ్బాయి, అంటే కస్తూరి తండ్రి, జాబు చదివి "అమ్మ ఎట్టంటే అట్ట" అని నా మీదికి తోసి ఉప్పుమళ్ళకు వెళ్ళిపోయాడు.

పిల్లకు చిన్ననాటినుంచి ఉబ్బసం. కార్తీకంలో ముసురు పట్టిందంటే గుండెలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఆ గుండెకు చెవి ఆనించి నేను కూర్చున్న కార్తీకాలు ఎన్నో. పదేళ్ళుగా తగ్గిందంటారు. తగ్గిందో, మన ఎండలకు దాక్కుందో ఎవరు చూశారు?

శనివారం తెల్లవారుజామున అయిదింటికి బండి కట్టించాము. పెరుగన్నం మూట, మామిడికాయ ఊరగాయ, రెండు బొంతలు, ఒక శాలువా. ఏడింటికి ముత్తుకూరు చేరితే ఏడున్నర బస్సు ఎనిమిదికి వచ్చింది. టిక్కెట్టు తలా ముప్పావలా. మీరు పోయేటట్టయితే ఎడమవైపు కూర్చోండి, ఉదయపు ఎండ పడదు. పక్కన ఎండుచేపల గంపతో ఒకామె కూర్చుంది. ఆమె మా బొంతల వంక అదే పనిగా చూసింది.

"ఏందమ్మా, రోహిణి కార్తెలో బొంతలు మోసకపోతుండారు? యాడికి?"

"చలిదేశానికి," అన్నాను.

"ఈ బస్సు ఆడికి గూడా పోతాదా!"

కస్తూరి నవ్వి, సంగతంతా చెప్పింది. ఆమె గంప మీది తడిగుడ్డ సర్దుకుంటూ, "గ్రహణాన్ని చూడను అంత దూరం పోవాల్నా తల్లీ? మేమైతే గ్రహణం పడితే తలుపులేసుకుంటాం," అంది.

"అందరం తలుపులేసుకుంటే అది ఎవురికోసం పడతాదక్కా?" అంది కస్తూరి.

నేను వినిపించుకోనట్టు కిటికీలోంచి చూశాను. ఎండకు దూరాన నేల నీళ్ళలాగా కదులుతోంది. తాటిచెట్లు మొదళ్ళు లేకుండా గాలిలో నిలబడి ఉన్నాయి. అరవై దాటిన నాకే ఎందుకో ఆ బస్సు నెల్లూరులో ఆగకుండా పోతూనే ఉంటే బాగుండుననిపించింది. తొమ్మిదింబావుకు ఆగింది.

ఐసు ఫ్యాక్టరీకి నడిచే పోయాము. మా ఉప్పు కొంత అక్కడికే పోతుంది. డబ్బాల్లో మంచినీళ్ళు పోసి, చల్లబరిచిన ఉప్పునీటి తొట్టిలో దించుతారు. ఉప్పునీళ్ళు గడ్డకట్టవు, డబ్బాల్లోవి కడతాయి. అక్కడి మేస్త్రీ మస్తాను ఉప్పు కోసం మా ఊరికి వస్తూపోతూ ఉంటాడు.

"గంటసేపా!" అన్నాడతను, పిల్లను మంచుగడ్డల గదిలో కూర్చోబెట్టాలని నేను అడిగింది విని. "పెద్దమ్మా, గడ్డలెత్తను పోయిన మావోళ్ళే పావుగంటకు బయటికి ఉరికొస్తారు."

"ఈ పిల్ల పోయే చోట ఉరికి రాను బయటనేదే లేదు మస్తానూ. నువ్వు తలుపెయ్యి."

అతను గోడగడియారం చూశాడు. పది కావడానికి అయిదు నిమిషాలు ఉంది. "వద్దనుకుంటే తలుపు తట్టండి. ఈడే ఉంటా."

యంత్రాల గదిలో ఘాటు వాసన ముక్కులో సూదిలా గుచ్చింది. కస్తూరి ముక్కుకు కొంగు కట్టించి దాటించాను. షరతు ముందే చెప్పాను: ఒక్క దగ్గు వచ్చినా 'పంపము' అని రాస్తాను. పొద్దున్నుంచి ఏమీ తిననివ్వలేదు కూడా. గ్రహణానికి ముందు ఎటూ తినకూడదు గదా, పరీక్ష కూడా ఖాళీ కడుపుతోనే జరగాలి.

గోడలకు రంపపు పొట్టు కూరిన గది. ఒకటే బల్బు. నిలువెత్తున పేర్చిన మంచుగడ్డలు నీలంగా, నడుమ మాత్రం దూదిపింజలా తెల్లగా ఉన్నాయి. తలుపు పడగానే లోకంలోని చప్పుడంతా ఆగిపోయింది. నేను "కూర్చోవే" అన్నాను. నా నోట్లోంచి పొగ వచ్చింది.

చుట్ట తాగే అలవాటు మా వంశంలో లేదు. ఇదేమిటని మళ్ళీ ఊదాను. మళ్ళీ వచ్చింది. ఇన్నేళ్ళుగా నాలోకి వచ్చి పోతున్న ఊపిరిని మొదటిసారి కంటితో చూశాను. కస్తూరి ఊపిరి కూడా కనిపించింది. పొడుగ్గా వచ్చి, గాలిలో కాసేపు నిలిచి, మంచుగడ్డల్లో కలిసిపోతోంది. ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా. అన్నేళ్ళు చెవితో వెతికినది ఇప్పుడు ఎదురుగా తెల్లగా తేలుతుంటే నేను చలి మరిచిపోయి చూస్తూ కూర్చున్నాను.

ఎంతసేపటికో కరెంటు పోయింది.

అంత చీకటి నేనెరగను. ఊపిరి కనపడదు, చెయ్యి కనపడదు. గోడలోంచి వచ్చే యంత్రపు అదురు కూడా ఆగింది. భయపడి పిల్ల ఎగశ్వాస తీస్తుందని, పాత అలవాటు కొద్దీ చెవి అటు పెట్టాను. అప్పుడు వినిపించింది.

"ఒకటి, రెండు, మూడు..." టక్ మని ఏదో చప్పుడు. "నాలుగు, అయిదు..."

"ఏం జేస్తుండావే?"

ఆమె ఆగలేదు. ఒకే గొంతుతో తొంభై దాకా లెక్కపెట్టి, అప్పుడు చెప్పింది. "నా పని అలవాటు జేసుకుంటుండా జేజీ. గ్రహణం నిండుగా పట్టేది తొంభై లెక్కలే. చీకట్లో ఫోటో పలకలు మార్చాల. ఒకటి లాగి ఇంకోటి తొయ్యాల. ఇప్పుడు అట్టముక్కలతో జేస్తుండా."

పిల్లికూత ఉన్న మనిషి తొంభై దాకా అలా లెక్కపెట్టలేదు. ఇరవైకే గొంతు తెగుతుంది. నాకు తెలుసు.

"తొంభై లెక్కలూ పలకలతోనే పోతే ఇంక గ్రహణం చూసేదెప్పుడే?"

"ఆఖరి పది లెక్కలు తలెత్తి చూసుకోమన్నారు సారు."

అన్ని సముద్రాలు దాటి పోయి పది లెక్కలా! ఏదో అనబోయాను, మాటకు బదులు దగ్గు వచ్చింది. గదంతా మారుమోగింది.

మస్తాను లాంతరు పట్టుకొని తలుపు తీశాడు. "దగ్గిందెవురు?"

"నేనే."

"అయితే పెద్దమ్మను మాత్రం పంపగూడదు!"

గడియారం చూస్తే గంటకు ఇంకా పన్నెండు నిమిషాలు తక్కువ. మాట మాటే. లాంతరు ఇచ్చి కస్తూరిని మళ్ళీ లోపలికి పంపాను. పన్నెండు నిమిషాలూ కూర్చుని, ముక్కు ఎర్రగా చేసుకుని, నవ్వుతూ బయటికొచ్చింది. దగ్గలేదు. ఫ్యాక్టరీ అరుగు మీద పెరుగన్నం తిన్నాము. ఎవరైనా చూడదలిస్తే ఈ వేళకే పోండి. మధ్యాహ్నం తర్వాత చేపల లారీలు వస్తాయి, మిమ్మల్ని పలకరించే తీరిక ఎవరికీ ఉండదు.

రెండింటికి నెల్లూరు స్టేషనుకు పోయాము. అక్కడి డబ్బాలో వేస్తే ఉత్తరం ఆ రాత్రి మద్రాసు బండి అందుకుంటుందని చెప్పారు. నాలుగో తరగతి అక్షరాలతో నేనే రాశాను: "మా కస్తూరిని పంపుచున్నాము. చలికి తట్టుకొనును, పరీక్షించి చూచినాము. అయితే పది లెక్కలు చాలవు. ఇరవై ఇవ్వవలెను. ఆ మిగతా పలకలు మరియొకరిచేత మార్పించగలరు."

కస్తూరి తల పట్టుకుంది. "జేజీ, సారుతో బేరమా?"

"నువ్వు గమ్మునుండు. అడక్కపోతే ఎవురిస్తారు?"

మూడున్నర బస్సుకు ముత్తుకూరు, అక్కణ్ణుంచి మళ్ళీ బండి. ఊరి దగ్గరికి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. కస్తూరి బొంతల మీద తల పెట్టి నిద్రపోయింది. ఇరవై లెక్కలంటే ఎంతో చూద్దామని మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఉప్పుకుప్పలు గులాబీరంగు నుంచి బూడిదరంగుకు దిగుతున్నాయి. నీళ్ళు నిలిచిన మళ్ళలో మేఘాలు తలకిందులుగా పోతున్నాయి. ఒక కొంగ లేచింది, ఎటు వాలిందో చూసేలోపల కాలవ మీద పడవవాళ్ళు దీపం వెలిగించారు. పిల్ల రొమ్ము చప్పుడు లేకుండా లేస్తోంది, దిగుతోంది.

ఇరవై అయిపోయింది. సగం కూడా చూడలేదు. ముప్పై అడగాల్సింది.